వృద్ధాశ్రమం చూడటానికి పోతున్నారా? ముందు లేవలేని వాళ్ల గది చూడండి

ఆశ్రమం చూడటానికి పోతే ముందు ఆఫీసు రూములో కూర్చోబెడతారు. చాయ్ ఇస్తారు, గోడ మీది ఫోటోలు చూపిస్తారు, ఎమ్మెల్యే వచ్చినప్పటిది, ఎవరి పుట్టినరోజుకో పండ్లు పంచినప్పటిది, ఆ తర్వాత టీవీ హాలు, పూజ గది, పూల మొక్కలు అన్నీ తిప్పుతారు. చాయ్ తాగండి, ఫోటోలూ చూడండి. అయిపోయాక ఒక్కటే అడగండి: మంచం మీది నుంచి లేవలేని వాళ్లు ఏ రూములో ఉంటారు, ఒకసారి చూడొచ్చా అని. "అక్కడ చూసేదేముంది సార్" అన్నా, ఇంకోసారి చూపిస్తామని మాట మార్చినా, మీరు చూడాల్సింది అక్కడే ఉందన్నమాట.

ఈ రోజు మీ అమ్మ కర్ర పట్టుకుని నడుస్తుండొచ్చు, తన పని తను చేసుకుంటుండొచ్చు. నడిచే మనిషిని ఏ ఆశ్రమమైనా బాగానే చూస్తుంది, ఎందుకంటే చూడాల్సిన పనే పెద్దగా ఉండదు. రెండు మూడేళ్లకు మంచాన పడ్డాక ఎట్లా ఉంటుందో ఆ గదిలో పడుకున్న వాళ్లను చూస్తే ఇప్పుడే తెలుస్తుంది. లోపలికి పోయి ఊరికే నిలబడకండి, పెద్దమ్మా దండాలు అని పలకరించండి. ఫోటోలు మాత్రం తీయొద్దు, ఆ స్థితిలో మీ అమ్మ ఫోటో ఎవరో తీస్తే మీకెట్లుంటుంది?

వాసన ముందే తెలిసిపోతుంది. ఒక్కోసారి మూత్రం వాసన రావడం సహజం, అప్పుడే జరిగి ఉండొచ్చు, దానికే ముఖం తిప్పుకోకండి. గది మొత్తం, పరుపుల్లోంచి, పొద్దున వచ్చినా సాయంత్రం వచ్చినా అదే వాసన అంటే గుడ్డలు, డైపర్లు టైముకు మార్చడం లేదని అర్థం. ఘాటుగా ఫినాయిల్ వాసన ఒక్కటే వస్తున్నా నాకు అనుమానమే, మీరొస్తున్నారని పొద్దున్నే కడిగి ఉంటారు. గోళ్లు చూడండి, గోళ్ల కింద మట్టి చూడండి, పెదవులు ఎండిపోయాయా, నీళ్ల గ్లాసు చేతికి అందేంత దూరంలో ఉందా లేక కిటికీ మీద షోకు పెట్టారా చూడండి. చేతులు గానీ కాళ్లు గానీ మంచానికి కట్టి ఉంటే ఇక ఏ ప్రశ్నా అడగాల్సిన పని లేదు. పొద్దున పదకొండు గంటలప్పుడు గదిలో అందరూ నోరు తెరుచుకుని గాఢ నిద్రలో ఉంటే, నిద్ర గోలీలు ఇస్తున్నారేమో గట్టిగా అడగాలి.

అన్నిటికన్నా ముఖ్యం మంచం పుండ్లు. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పండబెట్టాలి, లేకపోతే నడుము కింద, తుంట్ల మీద, మడిమల మీద చర్మం ముందు ఎర్రబడి తర్వాత పుండు పడుతుంది. వేరే వాళ్ల ఒళ్లు మనం చూడలేం, కానీ అడగొచ్చు: ఇప్పుడు ఎంతమందికి పుండ్లున్నాయి, ఇక్కడికొచ్చాక పడ్డాయా, వచ్చేటప్పుడే ఉన్నాయా, గాలి పరుపులు ఎన్ని ఉన్నాయి, తిప్పిన టైము ఎక్కడ రాస్తారు. "మా దగ్గర ఎవరికీ లేవు" అని టక్కున చెప్పేవాళ్ల కన్నా, "ఇద్దరికి ఉన్నాయి, ఒకరు దవాఖాన నుంచి వచ్చేటప్పుడే తెచ్చుకున్నారు, రోజూ డ్రెస్సింగ్ చేస్తున్నాం" అని రిజిస్టర్ తీసి చూపించేవాళ్లను నేను ఎక్కువ నమ్ముతాను.

నల్గొండ వైపు వాళ్లు ఇంకోటి చూడాలి. మర్రిగూడ, చండూరు, నాంపల్లి, మునుగోడు మండలాల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి ముసలైన వాళ్లకు నడుము వంగి బిగుసుకుపోతుంది, మెడ తిరగదు, మోకాళ్లు ముడవలేరు. అలాంటి మనిషిని చంకల కింద చేతులేసి గుంజి లేపితే ప్రాణం పోయినంత నొప్పి. లెట్రిన్ కింద కూర్చునేది ఉంటే వాళ్లకు అది లేనట్టే, కమోడ్ ఉండాలి, పక్కన పట్టుకోవడానికి రాడ్డు గోడకు గట్టిగా బిగించి ఉండాలి, పట్టుకుని ఊపి చూడండి. మంచం మరీ కిందికున్నా లేవలేరు, మరీ ఎత్తున్నా దిగలేరు. మీ నాయినకు ఈ బాధ ఉంటే, ఇట్లాంటోళ్లను ఎట్లా లేపుతారో ఒకసారి చేసి చూపించమని ఆయమ్మను అడగండి, మాటల్లో చెప్పించుకోవద్దు. నీళ్లు కూడా అడగాలి. తాగడానికి మిషన్ భగీరథ నీళ్లో ఆర్వో నీళ్లో వాడుతూ వంటకు మాత్రం బోరు నీళ్లు పోసే చోట్లు ఉంటాయి. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

రాత్రి సంగతి వేరు. పగలు పోతే మేనేజర్, నర్సు, ఇద్దరు ముగ్గురు ఆయాలు, వంటమనిషి, వాచ్‌మన్ అందరూ కనిపిస్తారు. రాత్రి తొమ్మిది దాటితే ఎంతమంది ముసలోళ్లకు ఎంతమంది మేలుకుని ఉంటారు? "ఉంటారు సార్, ఇక్కడే పండుకుంటారు" అన్నది జవాబు కాదు. రాత్రి బాత్రూంకి లేచినప్పుడు చీకట్లో, తడి నేల మీద పడిపోయే ప్రమాదం ఉంటుంది. కాబట్టి ఒకసారి పగలు పద్ధతిగా చెప్పి పోండి, ఇంకోసారి చెప్పకుండా సాయంత్రం ఏడున్నర ఎనిమిదింటికి పోండి, వీలైతే ఆదివారం, లేదా దసరా మర్నాడు, పనివాళ్లు సెలవుల్లో ఉన్నప్పుడు. గేటు దగ్గరే ఆపి "విజిటింగ్ టైము అయిపోయింది" అంటే ఒకసారికి ఒప్పుకోవచ్చు, రాత్రి పూట సొంత పిల్లలు కూడా రాకూడదనే రూలుంటే వేరే చోటు చూసుకోండి.

మేనేజర్‌తో ఎంత మాట్లాడతారో ఆయమ్మతో అంతకన్నా ఎక్కువ మాట్లాడండి. ఎన్నాళ్ల నుంచి చేస్తున్నావమ్మా, నీకు ముందు ఎవరు చేసేవారు, జీతం నెల నెలా వస్తుందా అని మెల్లగా అడగండి. ప్రతి మూడు నెలలకూ మనుషులు మారిపోయే చోట ముసలోళ్ల అలవాట్లు ఎవరికీ తెలియవు. హైదరాబాద్ అంచుల్లో ఉండే కొన్ని పెద్ద హోముల్లో ఆయాలు వేరే రాష్ట్రాల నుంచి వస్తారు, పని బాగానే చేస్తారు, కానీ రాత్రి రెండింటికి మా అవ్వ దూపైతుందంటే వాళ్లకు అర్థం కావాలి కదా. మతిమరుపు ఉన్న వాళ్ల కోసమైతే ఇంకో ప్రశ్న: "రాత్రి లేచి మా ఊరికి పోతా, బర్రెలకు గడ్డెయ్యాలె అని కూర్చుంటే ఏం చేస్తారు?" తలుపుకు గొళ్లెం పెడతామంటారా, గోలీ ఇస్తామంటారా, పక్కన కూర్చుని ఎన్ని బర్రెలు, ఎన్ని పాలిచ్చేవి అని మాట్లాడతామంటారా, ఆ ఒక్క జవాబుతో చాలా తెలుస్తుంది.

అక్కడుండే పెద్దలను "మంచిగ చూస్తున్నారా" అని అడగకండి. మేనేజర్ పక్కనుంటే ఎవరైనా "మంచిగనే ఉంది బిడ్డా" అంటారు, రేపు మీరుండరు, ఆయనుంటాడు. నిన్న రాత్రి ఏం తిన్నరు, ఎన్నింటికి తిన్నరు, స్నానం ఎప్పుడు పోస్తరు, మీ కోడలు మొన్న ఎప్పుడొచ్చింది, ఇట్లా అడిగితే అసలు సంగతులు వాటంతట అవే బయటపడతాయి.

తిండి విషయానికొస్తే మెనూ బోర్డు చదవడం దండగ, వడ్డించే టైములో పోవాలి. మన దగ్గర చాలా ఆశ్రమాలు దాతల మీద నడుస్తాయి, పుట్టినరోజు, పెళ్లిరోజు, వర్ధంతి అని ఎవరో ఒకరు వచ్చి భోజనం పెట్టిస్తుంటారు. అది మంచిదే, కానీ షుగర్ ఉన్న పెద్దాయన వారంలో మూడుసార్లు జిలేబి, పులిహోర తింటే ఎవరిది బాధ్యత? దాతలు రాని రోజు ఏం వండుతారో అడగండి. పాలమూరు ముసలోళ్లు జొన్నరొట్టె మీద బతికినోళ్లు, ఇప్పుడు పళ్లు లేవు, రొట్టెను పప్పులో నానబెట్టి ఇస్తారా, గట్క గానీ అంబలి గానీ చేసి పెడతారా, లేక అందరికీ అదే గట్టి అన్నం, అదే నీళ్ల చారా? ఇంకో లెక్క కూడా వేయండి. పనివాళ్లు తొందరగా పోవాలని సాయంత్రం ఆరింటికే అన్నం పెట్టి, పొద్దున తొమ్మిదింటికి టిఫిన్ ఇస్తే మధ్యలో 15 గంటలు. ఇన్సులిన్ తీసుకునే మనిషికి అది ప్రమాదం, తెల్లవారుజామున షుగర్ పడిపోయి చెమటలు పట్టినా చూసే దిక్కుండదు.

గోలీల దగ్గర రిజిస్టర్ అడిగి చూడండి. ఒక్కొక్కరి పేరు మీద డబ్బా ఉందా, ఎవరి గోలీలు వాళ్లకే పోతున్నాయా, కిందటి వారం బీపీ ఎంత రాశారు. నెల మొత్తానికి ఒకే పెన్నుతో, ఒకే తీరుగా, ఒక్కరోజు కూడా తప్పకుండా టిక్కులుంటే అది ఒకే మధ్యాహ్నం కూర్చుని కొట్టిన టిక్కులే. డాక్టర్ వస్తాడంటే ఏ డాక్టర్, ఎంబీబీఎస్ చదివినాయనా, ఊళ్లో ఆర్ఎంపీనా, ఏ రోజు వస్తాడు, కిందటిసారి ఏం రాశాడు అని అడగాలి. అర్ధరాత్రి మూతి వంకర పోయి చెయ్యి పడిపోతే ఏం చేస్తారో కూడా ఇప్పుడే మాట్లాడుకోండి. పక్షవాతంలో మెదడులోని రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ మొదటి నాలుగున్నర గంటల్లోపే పని చేస్తుంది, "పొద్దున చూద్దాం" అంటే అయిపోయింది. నల్గొండలో, సూర్యాపేటలో, మహబూబ్‌నగర్‌లో ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. అట్లాంటి పెద్ద దవాఖానకు ఆశ్రమం నుంచి ఎంతసేపు, 108 రావడం లేటైతే వేరే బండి ఉందా, వెంట ఎవరు పోతారు?

ఎండాకాలం సంగతి చలికాలంలో చూసే వాళ్లకు తట్టదు. నల్గొండ ఎండ కొన్నేళ్లు 44 డిగ్రీలు కూడా దాటి పోతుంది, ముసలోళ్లకు దాహం తొందరగా తెలియదు, నీళ్లు అడగరు, మూత్రానికి లేవాల్సి వస్తుందని కావాలనే తాగరు కూడా. రేకుల షెడ్డులో గానీ, ఎండ నేరుగా పడే పై అంతస్తులో గానీ మంచాలేస్తే వద్దనండి. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఆఫీసు ఫ్యాన్ తిరుగుతుందా, వీళ్ల ఫ్యాన్లు కూడా తిరుగుతాయా, స్విచ్ వేసి చూపించమనండి.

ఇక పైసలు. నెలకు ఇంత అని చెప్తారు, అందులో ఏమేం రావో రాయించుకోండి: డైపర్లు, మందులు, ఫిజియోథెరపీ, దవాఖానలో పక్కన కూర్చునే మనిషి ఖర్చు. అసలు రేటు కన్నా ఈ పైఖర్చులే ఎక్కువయ్యే సందర్భాలుంటాయి. అడ్వాన్సు ఎప్పుడు, ఎంత తిరిగిస్తారు, ప్రతి నెలా రసీదు ఇస్తారా అన్నది కాగితం మీద ఉండాలి. సొసైటీ గానీ ట్రస్టు గానీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించమనండి, గోడకు ఫ్రేము కట్టి ఉన్నదాని మీద తేదీ, పేరు చదవండి. అమ్మ పింఛను పైసలు, బ్యాంకు పాసుబుక్కు, ఏటీఎం కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, చెవుల కమ్మలు ఇవేవీ ఆశ్రమం చేతికి ఇవ్వొద్దు. చదువురాని పెద్దల దగ్గర ఏదైనా కాగితం మీద వేలిముద్ర తీసుకోవాలంటే ముందు మీకు ఫోన్ చేయాలని స్పష్టంగా చెప్పండి. అడగడానికి నోరు రాని ప్రశ్న ఒకటుంది, అయినా అడగాలి: సీరియస్ అయితే చివరిదాకా ఉంచుకుంటారా, "తీసుకుపోండి" అంటారా? పిల్లలు అమెరికాలోనో, పూణే పని మీదో ఉంటే వచ్చేదాకా ఫ్రీజర్ బాక్సు ఎవరు చూస్తారు?

ఉచితంగా నడిచేవాటిని తీసిపారేయకండి, ఏసీలున్న వాటిని చూసి మురిసిపోకండి. మనోళ్లు చేసే ఒక పని నాకు అస్సలు నచ్చదు, చుట్టాలకు తెలుస్తుందన్న సిగ్గుతో సొంత జిల్లాలో వద్దని ఎక్కడో దూరాన చేర్పించడం. సిగ్గుపడేవాడు ప్రశ్నలు అడగడు, తొందరగా సంతకం పెట్టి బయటపడాలని చూస్తాడు, అది ఆశ్రమం వాళ్లకు బాగా తెలుసు. మేనత్తో, పాత ఇంటి పక్కాయనో, ఎవరో ఒకరు దారిలో దిగి చూసి పోయే దూరంలో ఉన్న మామూలు ఆశ్రమం, నెలకోసారి కూడా ఎవరూ పోలేని దూరంలో ఉన్న పెద్ద హోము కన్నా మేలు. చూసేవాళ్లు వస్తుంటారని తెలిసిన మంచం దగ్గర ఆయాలు కూడా కాస్త ఎక్కువ ఆగుతారు, ఇది న్యాయం కాకపోయినా జరిగేది ఇదే.

ముందు ఒక పదిహేను రోజులు ఉంచి చూస్తామని అడగండి, ఒప్పుకునేవాళ్లు ఉంటారు. చేర్చే రోజే బరువు చూసి రాసుకోండి, నెల తిరిగేసరికి రెండు మూడు కిలోలు తగ్గితే తిండో, మనసో, జబ్బో ఏదో ఒకటి తేడా ఉంది. వెళ్లినప్పుడల్లా వీపు, నడుము కింద భాగం, మడిమలు మీరే చూడండి, అమ్మ మొహమాటపడితే చెల్లెనో, వదిననో తోలండి. ఫోన్లో మాట్లాడేటప్పుడు స్పీకర్ పెట్టి పక్కన ఎవరైనా నిలబడుతున్నారా గమనించండి. మొదటి వారాల్లో "నన్ను తీసుకుపో" అని ఏడవడం చాలామందికి ఉంటుంది, మాట్లాడటమే మానేసిందంటే దాని గురించి ఎక్కువ టెన్షన్ పడాలి.

ఏదైనా తప్పు కనబడితే పెద్దల హెల్ప్‌లైన్ 14567 ఉంది, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది వరకు, పైసలు పడవు. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణిలో కాగితం ఇవ్వొచ్చు, జిల్లా సంక్షేమ అధికారికి కూడా ఇవ్వొచ్చు. ఆస్తి రాయించుకుని చూడని పిల్లల మీదైతే 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌కు పోవాలి, అది వేరే దారి. ఫిర్యాదు ఎక్కడ చేసినా ముందు మీ అమ్మను అక్కడి నుంచి బయటికి తెచ్చుకోండి, దెబ్బలు, పుండ్లు ఉంటే తేదీతో ఫోటోలు తీసి, ప్రభుత్వ దవాఖానలో చూపించి చీటీ రాయించుకోండి, ఆ తర్వాత కాగితం రాయండి.