పల్లి చేన్లో రైఫిల్ కదలకుండా పట్టడం

అచ్చంపేట, దేవరకొండ వైపు పల్లి చేన్ల మీద అడవి పందులు పడితే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ కింద రాతపూర్వక అనుమతి ఉన్న షూటరే తుపాకీ ఎత్తాలి. కాగితం లేకుండా కాలిస్తే నేరం.

ముందు ఒక లెక్క చూడండి. రెండు సైట్ల (గొట్టం మీద గురి చూసే ముందు, వెనక గుర్తులు) మధ్య 60 సెం.మీ. దూరమున్న రైఫిల్లో ముందు సైటు 1 మి.మీ. పక్కకు జరిగితే, 100 మీటర్ల దగ్గర తూటా 16 సెం.మీ. పైగా తప్పుతుంది. పంది గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు అంతకు పెద్దదేం కాదు. చెయ్యి ఎంత గట్టిదైనా కాసేపటికి వణుకుతుంది కాబట్టి బరువంతా నేల మీదికో, కర్ర మీదికో పోవాలి.

మన చేన్లకు కూర్చుని కాల్చడమే కుదురుతుంది. పడుకుంటే పల్లి మొక్కలు గురికి అడ్డమొస్తాయి, నిలబడితే ఒళ్లు ఊగుతుంది. ఒడ్డు మీద కూర్చుని మడమలు మట్టిలో దిగేయండి. మోచేతి ఎముకను మోకాలి చిప్ప మీద పెట్టొద్దు, ఎముక మీద ఎముక జారుతుంది. మోచేతికి పైనున్న కండ మోకాలి లోపలి వైపుకు ఆనాలి. మూడున్నర అడుగుల వెదురు కర్రలు మూడు తీసుకుని, పై కొసకు నాలుగు అంగుళాల కింద పాత సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కడితే మంచి ఆసరా. కర్రల మీద ఆనాల్సింది గొట్టం కింది చెక్క. గొట్టమే ఆనితే తూటా గురి కన్నా పైకి పోతుంది. బండ మీద పెట్టాల్సి వస్తే మడత పెట్టిన తువ్వాలు వెయ్యండి.

కుదురుకున్నాక కళ్లు మూసి రెండుసార్లు ఊపిరి పీల్చి వదలండి. కళ్లు తెరిచేసరికి సైటు పక్కకుంటే చేతులతో లాగొద్దు, పిరుదులు జరిపి కూర్చోండి. లాగి పట్టిన కండ సరిగ్గా ట్రిగ్గర్ నొక్కే క్షణంలో సడలి తుపాకీని పాత చోటికే తీసుకుపోతుంది. చాలా గురులు పోయేది ఇక్కడే.

ఊపిరి మామూలుగా వదిలాక వచ్చే రెండు మూడు సెకన్ల ఆగులోనే వేలి కొస మెత్తతో ట్రిగ్గర్ నేరుగా వెనక్కి నొక్కాలి. ఊపిరి అలాగే ఆపి ఎనిమిది సెకన్లు దాటితే చూపు మసకబారుతుంది. ఊపిరి తీసుకుని మొదటి నుంచి మొదలుపెట్టండి. ఇంట్లో అభ్యాసానికి, చాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీ అని రెండుసార్లు చూసుకున్నాక, గొట్టం మీద, మూతి దగ్గర రూపాయి బిళ్ల నిలబెట్టకుండా పడుకోబెట్టి ట్రిగ్గర్ నొక్కండి. బిళ్ల పడిందంటే వేలు గుంజుతోంది. .22 (సన్న తూటా) రైఫిల్‌తో ఇలా చెయ్యొద్దు, తూటాను కొట్టే పిన్ను చాంబర్ అంచును కొట్టి పాడుచేస్తుంది. పందికి కూడా .22 పనికిరాదు, గాయపరిచి వదిలేస్తుంది.

అనుమతి ఉన్న షూటింగ్ రేంజ్‌లో, కర్రల మీదే, 15 సెం.మీ. కాగితం ప్లేటుకు మూడు తూటాలకు మూడూ తగిలే దూరమెంతో చూసుకోండి. చేనులో అది దాటి కాల్చొద్దు.

పంది అడ్డంగా నిలబడేదాకా ఆగండి. ముందు కాలు గీత మీదే, ఛాతీ కింది మూడో వంతులో గురి పెట్టాలి. దాని వెనక మట్టి ఒడ్డో, మట్టి దిబ్బో ఉండి తీరాలి. నల్గొండ గుట్టల బండలకు తగిలిన తూటా ఎటు తిరుగుతుందో చెప్పలేం. మంచె మీద కాపలా రైతు, బోరు షెడ్డులో పడుకున్నవాళ్లు ఎక్కడున్నారో చీకటి పడకముందే తెలుసుకోండి.

పేలాక కూడా ట్రిగ్గర్‌ను వెనక్కే పట్టి, కన్ను సైటులోనే ఉంచి, ఆ తర్వాత బోల్ట్ (తూటా మార్చే పిడి) లాగండి. వెంటనే చేన్లోకి దిగొద్దు. గాయపడ్డ పంది పొదలో నుంచి మీదికి వస్తుంది. అరగంట ఆగి, అటవీ సిబ్బందిని వెంట పెట్టుకుని, తూటా నింపిన రైఫిల్‌తో వెళ్లండి.