రికార్డు రైడర్‌తో కొంత దూరం: హైదరాబాద్ – కర్నూలు హైవే మీద ఎలా కలవాలి, ఎలా నడుచుకోవాలి

కాశ్మీర్ నుంచి కన్యాకుమారికి సైకిల్ మీద రికార్డు కోసం బయల్దేరేవాళ్ళు మామూలుగా 44వ నంబరు జాతీయ రహదారినే పట్టుకుంటారు. ఆదిలాబాద్ దగ్గర తెలంగాణలోకి వచ్చి, హైదరాబాద్ దాటి, కర్నూలు, గుత్తి, అనంతపురం, పెనుకొండ మీదుగా కర్ణాటకలోకి వెళ్తారు. వాళ్ళతో పాటు యాభై, అరవై కిలోమీటర్లు తొక్కాలని మన సైక్లిస్టులకు ఉంటుంది. తప్పకుండా తొక్కండి. కానీ మీరు వచ్చినందువల్ల రైడర్ ఒక్క నిమిషం కూడా పోగొట్టుకోకూడదు, ఒక్క నిబంధన కూడా చెడకూడదు.

నిమిషాల విలువ ఎంతో చూడండి. 2020 నవంబరులో ఓమ్ మహాజన్ ఈ దూరాన్ని 8 రోజుల 7 గంటల 38 నిమిషాల్లో పూర్తిచేశాడు. 2021లో ఆదిల్ తేలి 8 రోజుల 1 గంట 37 నిమిషాలకు దించాడు. దాదాపు 3,600 కి.మీ. మీద తేడా ఆరు గంటలే. ఊరూరా ఆపి దండ వేసి, శాలువా కప్పి, ఫోటోలు దిగితే ఊరికి పావుగంట లెక్కన ఇరవై ఊళ్ళలో ఐదు గంటలు పోతాయి. సన్మానాలన్నీ కన్యాకుమారిలో పెట్టుకోవచ్చు.

ముందు క్రూను అడగాల్సినవి

రైడర్‌కు ఫోన్ చేయకండి. క్రూ (రైడర్ ప్రయత్నాన్ని చూసుకునే జట్టు) మేనేజర్‌కు ఒక్క మెసేజ్ పెట్టండి: పేరు, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా వస్తారు, ఎంతమంది. దాంతో పాటే మూడు విషయాలు అడగండి. రికార్డు ఏ సంస్థ నిబంధనల కింద నడుస్తోంది? పక్కన ఎవరైనా తొక్కడానికి ఒప్పుకుంటారా, ఒప్పుకుంటే ఎంత దూరంలో ఉండాలి? ప్రయత్నం సపోర్ట్‌తోనా, సపోర్ట్ లేకుండానా?

మూడో ప్రశ్నను చాలామంది మర్చిపోతారు. సపోర్ట్ లేని ప్రయత్నమైతే రైడర్ అన్నీ తనే కొనుక్కోవాలి, తనే మోసుకోవాలి. మీరు ప్రేమగా అందించిన అరటిపండు, ఒక సీసా నీళ్ళు, వర్షంలో ఇచ్చిన రెయిన్‌కోటు, పంక్చర్ అయినప్పుడు పట్టిన పంపు, ఇవన్నీ బయటి సాయం కిందికే వస్తాయి. ఇంట్లో చేసిన పులిహోర కూడా అంతే. అలాంటి రైడర్ దగ్గరికి ఖాళీ చేతులతో వెళ్ళడమే మర్యాద.

ఒక్కో ముక్కకు ఇద్దరు, మహా అయితే ముగ్గురు చాలు. ఎక్కువమంది ఉంటే రిలేగా పంచుకోండి: శంషాబాద్ నుంచి జడ్చర్ల దాకా ఇద్దరు, అక్కడి నుంచి పెబ్బేరు దాకా మరో ఇద్దరు, తర్వాత కర్నూలు దాకా ఇంకో ఇద్దరు. గుంపుగా వెళ్తే షోల్డర్ (రోడ్డు అంచున వదిలిన పట్టీ) సరిపోదు, వెనక వచ్చే లారీ డ్రైవర్‌కు ఎవరు ఎక్కడ ఉన్నారో అర్థం కాదు.

ఎప్పుడు వస్తాడో లెక్క

రైడర్ ఎక్కడున్నాడో మ్యాప్ మీద చుక్కగా చూపించే ట్రాకర్‌లో కనిపించే మొత్తం సగటు వేగాన్ని నమ్మకండి. అందులో నిద్ర, తిండి అన్నీ కలిసి ఉంటాయి. గత రెండు మూడు గంటల్లో చుక్క ఎంత కదిలిందో చూడండి. చుక్క జడ్చర్లలో ఉంటే కర్నూలుకు ఇంకో 130 కి.మీ. ఉంటుంది; గంటకు 24 కి.మీ. వేగంతో దాదాపు ఐదున్నర గంటలు, మధ్యలో ఒక ఆగుడుకు ఇరవై నిమిషాలు. చుక్క అరగంటగా కదలకపోతే సిగ్నల్ పోయి ఉండొచ్చు, పడుకుని ఉండొచ్చు. రెంటికీ సిద్ధంగా ఉండి, గంట ముందే చేరుకోండి.

ఎక్కడ నిలబడతారన్నది ఇంకా ముఖ్యం. షాద్‌నగర్, జడ్చర్ల లాంటి చోట్ల ఊరి మనుషులు సర్వీసు రోడ్డు మీద ఉంటారు, హైవే పైనుంచో బయటి నుంచో పోతుంది. మీరు కింద టీ కొట్టు దగ్గర ఎదురుచూస్తుంటే రైడర్ పైన ఫ్లైఓవర్ మీదుగా వెళ్ళిపోతాడు. డివైడర్‌కు అవతలి వైపు నిలబడ్డా అంతే, యూటర్న్ కోసం చాలా దూరం పోవాలి. కర్నూలు వైపు వెళ్ళే రోడ్డులోనే, టోల్‌ప్లాజా దాటాక రెండు మూడు వందల మీటర్ల దూరంలో ఉండండి. రాయికల్, పుల్లూరు టోల్‌ప్లాజాలు దీనికి అనువైనవి: వెలుతురు ఉంటుంది, బండ్లన్నీ నెమ్మదిస్తాయి, రైడర్ దూరం నుంచే కనిపిస్తాడు. అతను కనపడగానే మీరు మెల్లగా తొక్కడం మొదలుపెట్టండి. దాటి వెళ్ళనిచ్చి వెనక నుంచి కలవండి. అతను బ్రేక్ మీద వేలు వేయాల్సిన అవసరం రాకూడదు.

హైదరాబాద్ నగరం లోపల మాత్రం సైకిల్ మీద కలవకపోవడమే మేలు. ఔటర్ రింగ్ రోడ్డు మెయిన్ క్యారేజ్‌వే మీదికి సైకిళ్ళను రానివ్వరు, సర్వీసు రోడ్డో నగరం మధ్యదారో పట్టాలి. రైడర్‌కు దారి చూపిస్తూ మీరు ముందు తొక్కితే డ్రాఫ్టింగ్ (ముందున్నవాళ్ళ చాటున గాలి తప్పించుకోవడం) అవుతుంది. సపోర్ట్ ఉన్న ప్రయత్నమైతే, దారులు తెలిసిన ఒకరు క్రూ బండిలో డ్రైవర్ పక్కన కూర్చుంటే ఎక్కువ ఉపయోగం.

రోడ్డు మీద మీ చోటు

ఇంకో సైకిల్ వెనక చక్రానికి ఆనుకుని వెళ్తే గాలి నిరోధం దాదాపు మూడో వంతు తగ్గుతుంది. సోలో రికార్డుల్లో డ్రాఫ్టింగ్‌ను ఒప్పుకోనిది అందుకే. కాబట్టి రైడర్ ముందుకు ఎప్పుడూ పోకండి, ఎక్కువ వేగంగా తొక్కగలిగినా సరే. వెనక కూడా అంటుకుని ఉండొద్దు. మరీ దగ్గరగా ఉంటే ముందున్నవాళ్ళకూ కొంచెం లాభం ఉంటుంది, పైగా వీడియోలో చూసేవాళ్ళకు అనుమానం వస్తుంది. క్రూ ఇంకేదైనా దూరం చెబితే అది పాటించండి, లేకపోతే కనీసం పదిహేను మీటర్లు వదలండి. పక్క గాలి వీచేటప్పుడు గాలి వచ్చే వైపు పక్కపక్కన తొక్కినా రైడర్‌కు అడ్డు దొరికినట్టే.

రాత్రి సపోర్ట్ బండి రైడర్ వెనకే హెడ్‌లైట్ల వెలుగు ఇస్తూ వస్తుంది. ఆ బండికీ రైడర్‌కూ మధ్యలో దూరకండి. ఎక్కడ ఉండాలో డ్రైవర్‌తో ముందే మాట్లాడుకోండి.

మాట కావాలో వద్దో రైడర్ ఇష్టం. తెల్లవారుజామున రెండు నుంచి ఐదు మధ్య నిద్ర ముంచుకొచ్చే వేళలో మీ మాట నిజంగా పనికొస్తుంది. సినిమా, క్రికెట్, తిండి, ఏదైనా మాట్లాడండి. "నొప్పిగా ఉందా", "ఎన్ని గంటలు పడుకున్నారు" అని అడగొద్దు. "ఇంకో ఐదు కిలోమీటర్లే" అని అంచనాగా కూడా చెప్పొద్దు. అది ఎనిమిది అయితే ఆ మూడే అతన్ని విరగ్గొడతాయి. సైకిల్ అటూఇటూ ఊగుతున్నా, జవాబులు ఆలస్యంగా వస్తున్నా, తల వాలుతున్నా వెంటనే క్రూకు చెప్పండి. ఆపాలా వద్దా అన్నది వాళ్ళు తేలుస్తారు. వీపు మీద చెయ్యి వేసి తొయ్యడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

మీ సైకిల్, ఈ దారి

200 కి.మీ. బ్రెవేను (గడువు లోపల పూర్తిచేయాల్సిన దూరపు సైకిల్ రైడ్) పదమూడున్నర గంటల గడువులో హాయిగా పూర్తిచేసినవాళ్ళు రైడర్ వేగంతో అరవై కిలోమీటర్లు నిలబడగలరు. హెల్మెట్, రిఫ్లెక్టివ్ జాకెట్, ముందు 400 ల్యూమెన్ల లైటు, వెనక రెండు ఎర్ర లైట్లు (ఒకటి ఆరిపోతే ఇంకొకటి), 750 మి.లీ. సీసాలు రెండు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. టైరు సైజుకు సరిపోయే ట్యూబులు రెండు, ప్యాచ్ కిట్, టైర్ లీవర్లు, పంపు, మల్టీటూల్, మీ చైన్‌కు సరిపోయే క్విక్ లింక్ (తెగిన చైన్‌ను కలిపే లింకు).

వీటితో పాటు చిన్న ట్వీజర్ కూడా పెట్టుకోండి. ఈ హైవే షోల్డర్ మీద పంక్చర్లకు పెద్ద కారణం మేకులు కాదు, పేలిపోయిన లారీ టైర్ల నుంచి రాలిన వెంట్రుకంత సన్నటి ఉక్కు తీగ ముక్కలు. పైనుంచి చూస్తే కనపడవు. ట్యూబులో రంధ్రం ఎక్కడుందో చూసి, వాల్వ్ నుంచి అంతే దూరంలో టైరు లోపల గుడ్డతో మెల్లగా తడిమితే గుడ్డ దారం పోగు తీగకు తట్టుకుంటుంది. అక్కడ ట్వీజర్‌తో లాగండి. తీగ తీయకుండా కొత్త ట్యూబు వేస్తే రెండు కిలోమీటర్లకే మళ్ళీ గాలి పోతుంది. మీకు పంక్చరైతే రైడర్ ఆగడు, ఆగకూడదు. ఆ మాట కలిసిన మొదటి నిమిషంలోనే చెప్పేయండి.

కోతల కాలంలో సర్వీసు రోడ్ల మీద, కొన్నిచోట్ల షోల్డర్ మీద కూడా వడ్లు, మొక్కజొన్నలు ఆరబోస్తారు. చుట్టూ పెట్టిన రాళ్ళు రాత్రి కనపడవు. దాబాల ముందు లైట్లు లేకుండా ఆగిన లారీలు, రాంగ్ సైడ్‌లో వచ్చే టూవీలర్లు, కుక్కలు ఉంటాయి. బీచుపల్లి దగ్గర కృష్ణ మీద, కర్నూలు ముందు తుంగభద్ర మీద వంతెనల జాయింట్లను చక్రం నిటారుగా ఉంచి దాటండి. గుంత కనపడితే అరవకండి, చేత్తో చూపించండి.

సాక్ష్యం, తిరుగుదారి

మీ జీపీఎస్ రికార్డింగును ఆటోపాజ్ (ఆగినప్పుడు రికార్డింగు దానంతటదే నిలిచిపోయే సెట్టింగు) తీసేసి పెట్టండి. విడిపోయే చోట రైడర్‌ను కాదు, క్రూను అడిగి లాగ్‌బుక్‌లో రాయండి: పూర్తి పేరు, చోటు, తేదీ, 24 గంటల పద్ధతిలో సమయం, సంతకం. కళ్ళారా చూసిందే రాయండి. మీరు జడ్చర్లలో కలిస్తే షాద్‌నగర్ గురించి మీ సంతకం చెల్లదు. కర్నూలు నుంచి బస్సులో వచ్చేట్టయితే ముందు చక్రం విప్పి, డిరైల్యూర్ (గేర్లు మార్చే భాగం) ఉన్న వైపు పైకి ఉండేలా డిక్కీలో పడుకోబెట్టండి. రైల్లో అయితే పార్సిల్ ఆఫీసులో ముందే బుక్ చేయాలి. జీపీఎస్ ఫైలును ఆ రోజే, పేరు మార్చకుండా, ఏమీ కత్తిరించకుండా క్రూకు పంపండి.