షుగర్ స్నాప్ బఠాణీ (తొక్కతో సహా తినే తియ్య బఠాణీ): మొలక నుంచి వంట దాకా సమస్యలు, పరిష్కారాలు

మూడు వారాలైనా మొలక రాలేదు
ఒక గింజను తవ్వి తీసి వేళ్లతో నొక్కండి. మెత్తగా నలిగి వాసన కొడితే కుళ్లినట్టే. మట్టి మరీ చల్లగా, తడిగా ఉంది. నేల వేడి 10 డిగ్రీలు దాటాక రెండున్నర సెంటీమీటర్ల లోతున, 5 సెంటీమీటర్ల ఎడంతో మళ్లీ విత్తండి.

తీగ ఏపుగా ఉంది, కాయ లేదు
పూతే రాకపోతే నత్రజని ఎక్కువైంది. బఠాణీ వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోంచే నత్రజని పట్టి ఇస్తుంది కాబట్టి యూరియా ఆపేయండి. పూత వచ్చి రాలుతుంటే కారణం ఎండ. పగటి వేడి 30 డిగ్రీలకు చేరితే పిందె నిలవదు, దానికి మందు లేదు. పూత చల్లటి రోజుల్లో పడేలా విత్తే తేదీ మార్చుకోవాలి.

ఆకుల మీద తెల్ల పొడి
బూడిద తెగులు. తీగలకు గాలి ఆడనివ్వండి. తొలి మచ్చలప్పుడే లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కలిపి, ఎండ తగ్గాక పిచికారీ చేయండి.

కాయ నమిలితే పీచు
అసలు చిక్కు ఇక్కడే. వండే ముందు ఒక కాయను విరిచి చూడండి.

టప్పున విరిగి తొక్క నీరూరుతుంటే కాయ మంచిదే, ఈనె తీయలేదంతే. తొడిమను గోటితో గిల్లి కాయ అంచు వెంట కిందికి లాగితే దారంలా వస్తుంది. రెండో అంచుకూ ఉంటే మూతి దగ్గర గిల్లి పైకి లాగండి.

విరగకుండా వంగి, నిగనిగ తగ్గి ఉంటే ముదిరింది. గింజ నిండి, తొక్క ఇంకా నున్నగా మెరుస్తున్నప్పుడే కోయాలి, రోజు విడిచి రోజు. కోసిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. బయట ఉంచితే చక్కెర పిండిగా మారి తీపి పోతుంది.

లేతకాయలోనూ తొక్క లోపల కాగితంలాంటి పొర ఉంటే, అది గింజ బఠాణీ లక్షణమున్న మొక్క. దానికి గుర్తు కట్టి, కాయలు ఒలిచి గింజలే వాడండి. విత్తనానికి మాత్రం ఉంచకండి.

వండితే రంగు చెడి మెత్తబడుతోంది
మూత పెట్టి ఎక్కువసేపు ఉడికించారు. ఆ వేడిలో కాయలోని ఆమ్లాలు పత్రహరితాన్ని విరగ్గొడతాయి. 200 గ్రాముల కాయలకు 2 లీటర్ల నీళ్లు, 20 గ్రాముల ఉప్పు. తెర్లుతుండగా మూత లేకుండా ఒకటిన్నర నిమిషం ఉంచి, ఐసు నీళ్లలో వేయండి. వంటసోడా వద్దు, రంగు నిలిచినా తొక్క జావ అవుతుంది. వేపుడుకైతే తడి తుడిచి, బాగా కాగిన బాణలిలో 2-3 నిమిషాలు చాలు. పులుపు ఏదైనా పొయ్యి మీంచి దించాకే కలపండి.