గాజు అరల్లోని పాములను ఫిల్ముపై తీయడం: సమస్య - పరిష్కారం

డిజిటల్ కెమెరాలు రాకముందు, జంతు ప్రదర్శనశాలల్లోనో మద్రాసు గిండీలోని పాముల పార్కులోనో 36 ఫ్రేముల స్లైడు రీలుతో పనిచేసినవారికి ఏ తప్పైనా రీలు కడిగించి తెచ్చుకున్నాకే తెలిసేది. నేటికీ పాత కెమెరా పట్టుకున్నవారి పరిస్థితి అదే. అందువల్ల అపర్చరు (లెన్సు తెరుచుకునే రంధ్రం కొలత), షట్టరు వేగం, ఫ్లాష్ దూరం ప్రతి ఫ్రేముకూ పుస్తకంలో రాసుకోవాలి. ఆ వివరాలు లేనిదే కింది కారణాల్లో ఏది అసలు కారణమో తేల్చడం కష్టం.

ఫొటో మధ్యలో తెల్లటి వెలుగు మచ్చ

కెమెరా నెత్తిన బిగించిన ఫ్లాష్ గాజుకు ఎదురుగా వెలిగి, ఆ వెలుగు తిన్నగా లెన్సులోకే తిరిగి రావడం దీనికి కారణం. ముందుగా గాజును తుడిచి, లెన్సుకు రబ్బరు హుడ్ తొడిగి గాజుకు మెత్తగా ఆనించి, ఫ్లాష్‌ను తీగతో పక్కకు జరిపి సుమారు 45 డిగ్రీల వాలుగా పట్టుకోవాలి. చాలామంది పోలరైజరును (ప్రతిబింబాలు తగ్గించే ఫిల్టరును) నమ్ముకుంటారు గానీ, అది గాజును ఏటవాలుగా చూసినప్పుడే ప్రతిబింబాన్ని తగ్గిస్తుంది. ఎదురుగా నిలబడితే దాదాపు ఏ ప్రయోజనమూ ఉండదు, పైగా ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుతురు పోతుంది (ఒక స్టాపు తగ్గితే వెలుతురు సగమవుతుంది). గాజును వేలితో తట్టి పామును కదిలించే అలవాటు మాత్రం ఎవరికీ ఉండకూడదు.

ఫ్రేములో ఒక భాగం నల్లగా, అంచు తిన్నగా గీసినట్టు ఉండడం

షట్టరు వేగం ఫ్లాష్ సింక్ వేగాన్ని, అంటే ఫ్లాష్ వెలిగే క్షణాన షట్టరు పూర్తిగా తెరిచి ఉండగల గరిష్ఠ వేగాన్ని, మించింది. పెంటాక్స్ కె1000 కెమెరాకు ఆ హద్దు 1/60 సెకను, నికాన్ ఎఫ్‌ఎంకు 1/125. కె1000లో గుడ్డ తెర అడ్డంగా కదులుతుంది గనుక నలుపు ఒక పక్కన నిలువు పట్టీగా కనిపిస్తుంది. ఎఫ్‌ఎంలో లోహపు తెర నిలువుగా కదులుతుంది గనుక పైనో కిందో పడుతుంది.

పాము రంగు నారింజగానో ఆకుపచ్చగానో మారడం

పగటి వెలుతురుకు తయారైన ఫిల్ము వేడి బల్బు కింద నారింజను, ట్యూబులైటు కింద ఆకుపచ్చను చూపుతుంది. బల్బుకు నీలిరంగు 80ఎ ఫిల్టరు సరిపోతుంది కానీ రెండు స్టాపులు తినేస్తుంది. 2009లో తయారీ ఆగిపోయిన కొడాక్రోమ్ 64 వంటి నెమ్మది ఫిల్ముకు (ఎక్కువ వెలుతురు కావలసిన ఫిల్ముకు) అది భరించలేని నష్టం. నా అభిప్రాయంలో ఇంతకన్నా మేలైన దారి, అపర్చరును ఎఫ్/11 లేదా ఎఫ్/16కు చిన్నది చేసి, సింక్ వేగంలో ఫ్లాష్ వెలుగుతోనే తీయడం. అప్పుడు అరలోని దీపం ఫిల్ముపై దాదాపు పడదు.

దగ్గరగా తీసిన తల చీకటిగా రావడం

ఎక్స్‌టెన్షన్ ట్యూబు (కెమెరాకూ లెన్సుకూ నడుమ బిగించే ఖాళీ గొట్టం) లెన్సును ముందుకు జరిపిన కొద్దీ ఫిల్మును చేరే వెలుతురు తగ్గుతుంది. ఫిల్ముపై బొమ్మ నిజ పరిమాణంలో పడితే రెండు స్టాపులు, సగం పరిమాణానికి ఒక స్టాపు కన్నా కొంచెం ఎక్కువ పోతాయి. గైడ్ నంబరును (ఫ్లాష్ శక్తిని తెలిపే అంకెను) దూరంతో భాగించి అపర్చరు లెక్కవేసే మామూలు ఫ్లాష్‌కు ఈ సవరణను మనమే చేసుకోవాలి.

నల్లటి కట్లపాము బూడిద రంగులో రావడం వేరే సంగతి. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు దేన్ని చూసినా 18 శాతం బూడిదగానే భావిస్తుంది గనుక, పాము ఫ్రేమును నింపినప్పుడు ఒక స్టాపు తగ్గించాలి, తెల్లపామైతే పెంచాలి. స్లైడు ఫిల్ము అర స్టాపు తప్పును కూడా క్షమించదు కాబట్టి, ఆ తేడాతో పైనా కిందా చెరొక ఫ్రేము అదనంగా తీసుకోవాలి.

కన్ను పాలనీలంగా మసకబారడం

దీన్ని ఫోకసు తప్పని భావించి లెన్సును నిందించినవారున్నారు. పాముకు కదిలే రెప్పలుండవు. కన్నును పారదర్శకమైన పొలుసు కప్పి ఉంటుంది. కుబుసం విడిచే ముందు పాత పొరకూ కొత్త పొరకూ నడుమ ద్రవం చేరడంతో కన్ను మసకబారి, విడవడానికి కొన్ని రోజుల ముందు మళ్లీ తేటపడుతుంది. ఆ మసక రోజుల్లో చూపు సరిగా ఆనక పాము బెదురుగా ఉంటుంది కనుక దాన్ని కదిలించకూడదు. కుబుసం ఎప్పుడు విడుస్తుందో సంరక్షకుణ్ణి అడిగి, విడిచిన వెంటనే వచ్చే ఒకటి రెండు రోజులకు రీలు దాచుకోవాలి, ఎందుకంటే పొలుసుల రంగు అంత తేటగా మరెప్పుడూ ఉండదు.

పాము నిలవకపోవడం

కొందరు పామును ఫ్రిజ్‌లో పెట్టి మందగించేలా చేసేవారు. అది ప్రాణికి హింస, ఫొటోలో కూడా ఆ జడత్వం తెలిసిపోతుంది. విషంలేని చిన్న పామైతే సంరక్షకుని చేత గిన్నె బోర్లించి కప్పించి, అది చుట్ట చుట్టుకుని కుదురుకునేదాకా ఆగి, ఫోకసు సిద్ధంగా ఉంచుకుని గిన్నె ఎత్తమనాలి.