ఓవర్‌క్లాకింగ్‌కు కొత్తా? మదర్‌బోర్డు ఇలా ఎంచుకోండి

ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన స్పీడు కంటే ఎక్కువ స్పీడులో నడపడం) అనగానే అందరూ ప్రాసెసర్, కూలర్ గురించే ఆలోచిస్తారు. కానీ స్పీడు పెంచుకోనిచ్చేది మదర్‌బోర్డే. పెరిగిన స్పీడుకు సరిపడా కరెంటు అందించేదీ అదే, సెట్టింగ్ తప్పి కంప్యూటర్ ఆన్ కాకపోతే మళ్లీ దారికి తెచ్చేదీ అదే. కొనేముందు ఈ మూడూ ఇదే వరసలో చూసుకోండి.

ముందు చిప్‌సెట్, అంటే బోర్డు ఏమేం చేయనిస్తుందో నిర్ణయించే చిప్. ఇంటెల్‌లో మల్టిప్లయర్ (ప్రాసెసర్ స్పీడును నిర్ణయించే గుణకం) పెంచాలంటే ప్రాసెసర్ పేరులో ‘కె’ ఉండాలి, బోర్డు జెడ్ సిరీస్‌ది కావాలి. 12, 13, 14 తరాలకు జెడ్690 లేదా జెడ్790, కోర్ అల్ట్రా 200ఎస్‌కు జెడ్890. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది బీ760 దగ్గర. అందులో ‘కె’ ప్రాసెసర్ చక్కగా పనిచేస్తుంది, ర్యామ్ స్పీడు కూడా పెంచుకోవచ్చు, కోర్ల మల్టిప్లయర్ మాత్రం పైకి కదలదు.

ఏఎండీ ఈ విషయంలో ఉదారం. రైజెన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు దాదాపు అన్నీ అన్‌లాక్ అయ్యే, అంటే మల్టిప్లయర్ మార్చుకునేలాగే వస్తాయి. ఏఎం4 సాకెట్‌కు (సాకెట్ అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) బీ550, ఎక్స్570, ఏఎం5కు బీ650, బీ850, ఎక్స్870 ఏదైనా సరే. ఏ520, ఏ620 వద్దు. బీ840 పేరు చూసి కూడా మోసపోకండి, అందులో ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ లేదు. 5800ఎక్స్3డీ, 7800ఎక్స్3డీలకు మల్టిప్లయర్ లాక్ అయి ఉంటుంది, 9800ఎక్స్3డీకి ఆ అడ్డు లేదు.

ఇక అసలు సంగతి వీఆర్ఎం. పవర్ సప్లై నుంచి వచ్చే 12 వోల్టులను ప్రాసెసర్‌కు కావలసిన ఒకటింబావు వోల్టు స్థాయికి దించే సర్క్యూట్ ఇది. ప్రాసెసర్ సాకెట్‌కు ఎడమన, పైన ఉన్న హీట్‌సింక్‌ల కింద ఉంటుంది. పెట్టె మీద ‘12+2’ అని రాసి ఉంటే మొదటి అంకె కోర్ల కోసం ఉన్న పవర్ స్టేజ్‌లు (కరెంటును పంచుకుని అందించే విభాగాలు), తర్వాతి అంకె ప్రాసెసర్‌లోని మిగతా భాగాల కోసం. ఆ అంకె ఒక్కటే చూసి కొనకండి. ఒక్కో పవర్ స్టేజ్ ఎన్ని ఆంపియర్లదో కూడా కావాలి.

లెక్క వేసి చూద్దాం. 1.25 వోల్టుల దగ్గర 200 వాట్లు లాగే ప్రాసెసర్‌కు 160 ఆంపియర్లు కావాలి. 50 ఆంపియర్ల స్టేజ్‌లు ఆరుంటే కాగితం మీద 300 ఆంపియర్లు, అంటే చాలినట్టే. కానీ ఒక్కోదాని మీదా దాదాపు 27 ఆంపియర్లు పడతాయి. అదే పన్నెండు ఉంటే 13కి కాస్త ఎక్కువ. రెసిస్టెన్స్ వల్ల పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, కరెంటు సగమైతే ఒక్కో స్టేజ్‌లో ఆ వేడి నాలుగో వంతుకు పడిపోతుంది. ఎక్కువ స్టేజ్‌లు ఉన్న బోర్డు చల్లగా ఉండేది అందుకే. ఆరు కోర్ల రైజెన్ 7600 లాంటిదానికి ఇంత అక్కర్లేదు, దాని పవర్ పరిమితి మామూలుగా 88 వాట్లే. కోర్ ఐ9-14900కె 253 వాట్ల దాకా వెళ్తుంది, దానికి చవక జెడ్ బోర్డు కొంటే అన్యాయమే.

వీఆర్ఎం కాగితే ఎలా తెలుస్తుంది? ప్రాసెసర్ 70 డిగ్రీల దగ్గరే ఉంటుంది, అయినా లోడ్ మధ్యలో స్పీడు ఒక్కసారిగా పడిపోయి కాసేపటికి మళ్లీ లేస్తుంది. చాలామంది కూలర్ మార్చి చూస్తారు, లాభముండదు. పైగా వాటర్ కూలర్ పెట్టినప్పుడు సాకెట్ చుట్టూ గాలి ఆడదు కాబట్టి వీఆర్ఎం ఇంకా కాగుతుంది. అందుకే రెండు వైపులా బరువైన, రెక్కలున్న లోహపు హీట్‌సింక్ ఉన్న బోర్డే తీసుకోండి. ఒక వైపు స్టేజ్‌లను బోడిగా వదిలేసినవీ, ప్లాస్టిక్ తొడుగుతో సరిపెట్టినవీ పక్కన పెట్టండి.

మూడోది, పొరపాటు జరిగినప్పటి సంగతి. అది జరిగి తీరుతుంది, భయపడాల్సింది కాదు. వెనక ప్యానెల్ మీద క్లియర్ సీమాస్ బటన్ ఉంటే క్షణంలో డిఫాల్ట్ సెట్టింగ్‌లకు వచ్చేస్తారు. లేకపోతే కేస్ తెరిచి, రెండు పిన్నులను కలపాలి. బయోస్ ఫ్లాష్‌బ్యాక్ ఉంటే ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ (బోర్డును స్టార్ట్ చేసే సాఫ్ట్‌వేర్) ఎక్కించవచ్చు. సీపీయూ, డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్ కార్డు), బూట్ అనే నాలుగు చిన్న లైట్లు ఎక్కడ ఆగిపోయిందో చూపిస్తాయి. ఏఎం5 బోర్డు మొదటిసారి ఆన్ చేసినప్పుడు డీర్యామ్ లైటు కొన్ని నిమిషాలు వెలుగుతూనే ఉండవచ్చు. అది మెమరీ ట్రైనింగ్ (బోర్డు ర్యామ్‌కు సరిపడే సెట్టింగ్‌లు వెతుక్కోవడం), మధ్యలో పవర్ తీసేయకండి.

ర్యామ్ విషయంలో రెండు స్టిక్కులే తీసుకుని, నాలుగు స్లాట్ల బోర్డయితే సాకెట్ నుంచి రెండు, నాలుగు స్లాట్లలో పెట్టండి. నాలుగూ నింపితే డీడీఆర్5 స్పీడు బాగా తగ్గించుకోవాల్సి వస్తుంది.

బోర్డు చేతికొచ్చాక ముందు బయోస్ అప్‌డేట్ చేయండి. ఇంటెల్ 13, 14 తరాల్లో వోల్టేజి అతిగా పెరిగే సమస్యకు 2024లో 0x12బి మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సూచనల అప్‌డేట్) వచ్చింది. ఏఎం5లో ఎస్ఓసీ వోల్టేజిని (ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ లాంటి భాగాలకు వెళ్లేది) 1.3 వోల్టులకు పరిమితం చేసిన బయోస్‌లు 2023లో వచ్చాయి. ఇవి లేని బయోస్ మీద వోల్టేజి ముట్టుకోవద్దు. లోడ్ పడినప్పుడు వోల్టేజి పడిపోకుండా ఆపే లోడ్‌లైన్ కాలిబ్రేషన్‌ను మధ్యస్థంగా పెట్టండి. కొన్ని బోర్డుల్లో లెవల్ 1 అంటే అన్నిటికంటే గట్టిది, కొన్నిట్లో అది అన్నిటికంటే మెత్తనిది. పక్కన గ్రాఫ్ ఉంటే అంకెను కాక దాన్నే నమ్మండి.

ఏదీ పెంచకముందే, డిఫాల్ట్ సెట్టింగ్‌ల మీద సినీబెంచ్ (ప్రాసెసర్‌కు పూర్తి పని పెట్టే టెస్ట్) అరగంట తిప్పి, టెంపరేచర్లు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో వీఆర్ఎం టెంపరేచర్ చూడండి. 80 డిగ్రీలలోపు ఉంటే ఒక్కో అడుగు 100 మెగాహెర్ట్జ్ చొప్పున మొదలుపెట్టవచ్చు. ఇప్పుడే 100 దాటుతుంటే హీట్‌సింక్ మీదకు ఒక ఫ్యాన్ తిప్పి చూడండి. అప్పటికీ దిగకపోతే, వాపసు గడువు ముగిసేలోపే బోర్డు మార్చేయండి.