ట్రైగ్లిజరైడ్స్ 600, సీరమ్ మాత్రం తేట: తప్పెక్కడ?

సమస్య: మందు వేసినా దిగని అంకె

మిర్యాలగూడలో నేను పనిచేసే ల్యాబ్‌కు నలభై దాటిన లారీ డ్రైవర్ ఒకాయన మూడు నెలలకోసారి వచ్చేవాడు. ఎప్పుడు చేసినా ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు) 580, 610, 620. ఏడాదిగా దాన్ని తగ్గించే ఫైబ్రేట్ మాత్రలు వేసుకుంటున్నా అంకె కదల్లేదు. షుగర్ లేదు, థైరాయిడ్ బాగుంది. "కల్లు బంద్ పెట్టిన అన్నా, మటన్ బంద్ పెట్టిన. ఇగ బువ్వ గూడ బంద్ పెట్టాల్నా?" అని ఒకరోజు నా మీదే గుస్సా అయ్యాడు.

ఆ రోజే ట్యూబు సరిగ్గా చూశాను. 600 ఉన్న రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే పైకి తేలే సీరమ్ మజ్జిగ కలిపినట్టు మసకగా ఉండాలి. ఆయనది లేత పసుపు రంగులో తేటగా ఉంది. ట్యూబు వెనక పేపరు పెడితే అక్షరాలు చదవొచ్చు. ట్యూబులు తారుమారయ్యాయేమోనని మళ్లీ రక్తం తీశాను. మళ్లీ అదే తేట, అదే అంకె.

కారణం: మెషీన్ కొలిచేది కొవ్వును కాదు

మెషీన్ ట్రైగ్లిజరైడ్‌ను నేరుగా కొలవదు. రీఏజెంట్‌లోని (పరీక్షకు వాడే రసాయనంలోని) లైపేజ్ అనే ఎంజైమ్ దాన్ని విడగొడితే గ్లిజరాల్ బయటికొస్తుంది. మెడికల్ షాపులో దొరికే గ్లిజరిన్ ఇదే. గ్లిజరాల్ కైనేజ్ అనే ఎంజైమ్ దాన్ని మారుస్తుంది, ఇంకో రెండు మెట్లు దాటాక గులాబీ రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే అంకె అంత పెద్దది. రక్తంలో ముందే విడిగా గ్లిజరాల్ ఉంటే అదీ ఈ లెక్కలోనే కలిసిపోతుంది.

పుట్టుకతో గ్లిజరాల్ కైనేజ్ లోపం ఉన్నవాళ్ల ఒంట్లో గ్లిజరాల్ ఖర్చు కాక పేరుకుంటుంది. వాళ్ల ఒంట్లో లేని ఎంజైమే మన రీఏజెంట్ బాటిల్లో ఉంది! అందుకే ఒళ్లు వాడుకోలేనిదాన్ని బాటిల్ పట్టుకుని కొవ్వు పద్దులో రాస్తుంది.

ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. తల్లి నుంచి కొడుకులకు వస్తుంది, తండ్రి నుంచి కొడుకుకు రాదు. కాబట్టి నాన్న రిపోర్టు కాదు, మేనమామ రిపోర్టు అడగండి. మా డ్రైవర్ మేనమామ హాలియా నుంచి పాత కాగితాలు పంపితే వాటిలోనూ 500 పైనే!

అయితే వెంటనే జన్యులోపం అనేయకండి. గ్లిజరిన్ ఉన్న హ్యాండ్ క్రీమ్ శాంపిల్‌కు అంటినా, నైట్రోగ్లిజరిన్ డ్రిప్ ఎక్కుతున్నా, ఎండాకాలం శాంపిల్ గంటల తరబడి బయటే ఉన్నా గ్లిజరాల్ పెరగొచ్చు. ముందు ఇవి చూసుకోవాలి.

పరిష్కారం

"గ్లిజరాల్ బ్లాంక్" చేయించాలి. అంటే లైపేజ్ లేకుండా ఒకసారి కొలిచి, వచ్చిన అంకెను మొత్తంలోంచి తీసేయడం. మా కిట్‌లో అన్నీ ఒకే బాటిల్లో ఉంటాయి, కుదరదు. హైదరాబాద్ పంపాం. మొత్తం 620, బ్లాంక్ 510. అసలు కొవ్వు 110! మూత్రంలో ఆర్గానిక్ యాసిడ్స్ పరీక్ష చేస్తే గ్లిజరాల్ భారీగా కనిపిస్తుంది. జన్యు పరీక్ష సంగతి నిమ్స్‌లోని మెడికల్ జెనెటిక్స్ విభాగంలో అడగొచ్చు.

చాలామంది మరిచిపోయేది ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్. చాలా ల్యాబ్‌లలో దాన్ని లెక్కగట్టి రాస్తారు: మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్‌ను (మంచి కొలెస్ట్రాల్‌ను), ట్రైగ్లిజరైడ్స్‌లో అయిదో వంతును తీసేస్తారు. కొలెస్ట్రాల్ 190, హెచ్‌డీఎల్ 40, దొంగ అంకె 380 అనుకోండి. ఎల్‌డీఎల్ 74 అని వస్తుంది. అసలు ట్రైగ్లిజరైడ్స్ 110 అయితే ఎల్‌డీఎల్ 128. లేని జబ్బుకు మాత్రలు మింగుతూ, ఉన్నదాన్ని వదిలేసినట్టే. డైరెక్ట్ ఎల్‌డీఎల్ చేయించండి.

ఈ ఒక్క లోపమే ఉన్న పెద్దవాళ్లకు మామూలుగా ఏ ఇబ్బందీ ఉండదు. పిల్లల విషయం వేరు. జ్వరమొచ్చి తిండి మానేసినప్పుడు వాంతులు, మగత, షుగర్ పడిపోవడం కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. పక్క జన్యువులు కూడా పోయిన పిల్లల్లో అడ్రినల్ గ్రంథి లోపం, డుషేన్ కండరాల జబ్బు కలిసి రావచ్చు.

మాత్రలు సొంతంగా ఆపకండి. మా డ్రైవర్ బ్లాంక్ రిపోర్టు తీసుకెళ్లి చూపిస్తే, ఫైబ్రేట్ డాక్టరే ఆపేశారు. నేను పాత ఫైలు అట్ట మీద ఎర్ర పెన్నుతో "గ్లిజరాల్ బ్లాంక్ లేకుండా నమ్మొద్దు" అని రాసిచ్చాను.