వీడియో సమావేశం నుంచి బయటి ఫోనుకు కాల్ కుదరనప్పుడు: లక్షణం, కారణం, పరిష్కారం

విశాఖపట్నంలో రుషికొండ ఐటీ కార్యాలయాల నుంచి గాజువాక వైపున్న కర్మాగారాల దాకా, సమావేశ మందిరంలోని వీడియో పరికరానికీ బయటి టెలిఫోను లైనుకూ మధ్య ఎక్కడో ఒక గేట్‌వే ఉంటుంది. లోపలి నెట్‌వర్కులో పరికరం హెచ్.323 లేదా సిప్ పద్ధతిలో (నెట్‌వర్కు మీద కాల్ కుదిర్చే ప్రమాణాలు ఇవి) మాట్లాడుతుంది. బయటి లైను పీఆర్‌ఐ (ఒకేసారి పలు కాల్‌లు మోసే డిజిటల్ టెలిఫోను లైను) అయితే దాని భాషే వేరు, సిప్ ట్రంక్ (సిప్ పద్ధతిలో వచ్చే టెలిఫోను లైను) అయితే, లోపలా సిప్పే ఉంటే భాష ఒకటే అయినా యాస వేరు. ఈ రెంటి మధ్య దుబాసీ పని గేట్‌వేది, ఏ నంబరు ఎటు వెళ్లాలో తేల్చే పని గేట్‌కీపరుది లేదా సిప్ సర్వరుది. ఫిర్యాదు రాగానే చాలామంది పరికరాన్ని ఆపి మళ్లీ వేస్తారు. దానివల్ల ఉన్న లాగ్ (పరికరం తనంతట రాసుకునే నమోదు) కాస్తా చెరిగిపోవడం తప్ప ఒరిగేది తక్కువ. కాల్ ఏ క్షణంలో తెగింది, ఏ వైపు నుంచి తెగింది అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే సగం పని అయిపోయినట్టే.

పీఆర్‌ఐ మీద తెగిన ప్రతి కాల్ వెంట క్యూ.850 అనే ప్రమాణం ప్రకారం ఒక కారణ సంఖ్య వస్తుంది. సిప్ వైపు అయితే 400లలోనో 500లలోనో ఒక జవాబు సంఖ్య వస్తుంది. ఆ అంకెను, తెగిన సమయాన్ని, గేట్‌వే దాటేటప్పుడు నంబరు ఏ రూపంలో ఉందో దాన్ని కాగితం మీద రాసుకున్న తరువాతే పరికరం మీద చెయ్యి వేయాలి.

నంబరు నొక్కగానే కాల్ తెగిపోతోంది

కారణ సంఖ్య 1 అంటే ఆ నంబరు ఎవరికీ కేటాయించలేదని, 28 అంటే నంబరు అసంపూర్ణంగానో తప్పు రూపంలోనో ఉందని అర్థం. రెండింటిలో ఏది కనిపించినా లైను బాగానే ఉంది, అంకెలే తప్పుగా వెళ్లాయి. విశాఖ ఎస్‌టీడీ కోడ్ 0891, దాని వెనుక 7 అంకెల స్థానిక నంబరు. పరికరంలోని చిరునామా పుస్తకంలో మాత్రం నంబర్లను +91 తో మొదలయ్యే అంతర్జాతీయ రూపంలో ఎక్కిస్తారు. ఆ రూపంలో ఎస్‌టీడీ కోడ్ ముందున్న సున్నాకు చోటు లేదు. +91 తరువాత 891, ఆపైన 7 అంకెలు, అంతే. +91 పక్కనే 0891 అని ఎక్కించిన నంబర్లు నేను చూసిన చిరునామా పుస్తకాలన్నిటిలోనూ కనీసం ఒకటి రెండు ఉన్నాయి. సిప్ ట్రంక్ ఇచ్చే సంస్థలలో కొన్ని +91 రూపాన్ని, కొన్ని సున్నాతో మొదలయ్యే రూపాన్ని కోరతాయి కనుక, తమది ఏదో లైను తీసుకున్ననాడే అడిగి రాసిపెట్టుకోవాలి.

రెండవ చిక్కు మొబైల్ నంబర్లతో వస్తుంది. ల్యాండ్‌లైను నుంచి ఏ మొబైల్‌కు చేసినా ముందు సున్నా నొక్కాలన్న నిబంధన 2021 జనవరి 15 నుంచి అమలులోకి వచ్చింది. అంతకు ముందు రాసిన డయల్ ప్లాన్‌ను (నంబరును ఏ రూపంలో బయటికి పంపాలో చెప్పే నియమాలను) ఎవరూ ముట్టుకోకపోతే, అది ఇప్పటికీ 10 అంకెలనే లైను మీదికి తోస్తుంది, అటు నుంచి సున్నా కలిపి చేయమనే ప్రకటన వినిపిస్తుంది. ప్రకటన వినిపిస్తున్నంత సేపూ కాల్ నడుస్తున్నట్టే గేట్‌వే భావిస్తుంది కనుక ఇక్కడ లాగ్ కన్నా చెవిని నమ్మడం మేలు. బయటి లైను కోసం 0 నొక్కే ఆఫీసులో మొదటి సున్నాను గేట్‌వే తీసేస్తుంది కాబట్టి, లైను దాకా చేరడానికి రెండవ సున్నా ఉండి తీరాలి.

మూడవది కనిపెట్టడానికి నాకు రెండు రోజులు పట్టింది. సిరిపురంలోని ఒక ఆఫీసులో, సమావేశం నుంచి అందరికీ ఫోన్లు వెళుతున్నాయి, ఒక్క అధికారి మొబైల్‌కు మాత్రం వెళ్లడం లేదు. లోపం ఆయన ఫోనులోనే ఉందనుకుని సిమ్ కూడా మార్పించారు. లాగ్‌లో ఆయన నంబరు బయటికి వెళ్లిన చోట 8 అంకెలే ఉన్నాయి. విషయం ఏమిటంటే, ఆయన 10 అంకెల నంబరే 91 తో మొదలవుతుంది. నంబరు ముందు 91 కనిపిస్తే దేశపు కోడ్ అనుకుని తీసేయమని గేట్‌వేలో ఎవరో నియమం రాశారు. పరిష్కారం ఒక్క వాక్యం: 91 తో మొదలై, మొత్తం 12 అంకెలు ఉంటేనే ఆ రెండు అంకెలనూ తీసేయాలి. పొడవు చూడకుండా మొదటి అంకెలను మాత్రమే చూసే నియమం ఏదైనా ఎప్పుడో ఒకరోజు ఇలాగే కరుస్తుంది.

బయటి నుంచి చేస్తే మందిరం మోగడం లేదు

టెలిఫోను సంస్థ లోపలికి పంపే నంబరు 10 అంకెలు కావచ్చు, 7 కావచ్చు, చివరి 4 మాత్రమే కావచ్చు. గేట్‌వే ఒక రూపం కోసం ఎదురుచూస్తుంటే లైను మీద ఇంకొక రూపం వస్తుంది. చివరి 4 అంకెలను బట్టి మందిరాన్ని గుర్తించేలా నియమం మార్చితే సరిపోతుంది.

మాట ఒకవైపే వినిపిస్తోంది, లేదా చిత్రం రావడం లేదు

కాల్ మోగింది, అవతలివారు ఎత్తారు, మన మాట వారికి వినిపిస్తోంది, వారి మాట మనకు రావడం లేదు. అంటే కాల్ కుదిర్చే సందేశాలు రెండు వైపులా నడిచాయి, మాటను మోసే ప్యాకెట్లు మాత్రం దారి తప్పాయి. హెచ్.323 లోనూ సిప్‌లోనూ పరికరం తన చిరునామాను సందేశం లోపల రాసి పంపుతుంది. ఆ చిరునామా 192.168 తోనో 10 తోనో మొదలయ్యే లోపలి చిరునామా అయితే, బయటివారు తమ మాటను దానికి పంపుతారు, అది ఎక్కడికీ చేరదు. వీధి పేరు లేకుండా ఇంటి నంబరు మాత్రమే రాసిన ఉత్తరం లాంటిదే ఇది.

దీనికి ముందుగా రూటరులోని సిప్ ఏఎల్‌జీని (సందేశం లోపలి చిరునామాను దిద్దే సదుపాయాన్ని) ఆపి చూడాలి. సాయం చేయడానికి పెట్టిన ఈ సదుపాయం సందేశాన్ని సగం దిద్ది సగం వదిలేయడం నేను తరచుగా చూశాను. ఆ తరువాత నెట్‌వర్కు సరిహద్దులో ఉండి కాల్‌లను దాటించే ఎస్‌బీసీ అనే పరికరానికి బయటి చిరునామా తెలుసో లేదో చూడాలి. హెచ్.323 పరికరాలైతే గేట్‌కీపరులోనూ పరికరంలోనూ ఫైర్‌వాల్ దాటడానికి ఉద్దేశించిన హెచ్.460.18, హెచ్.460.19 ప్రమాణాలు రెండూ పనిచేసేలా పెట్టాలి. ఫైర్‌వాల్‌లో 1720 పోర్టు ఒక్కటే తెరిచి పని ముగిసిందనుకోవడం పాత పొరపాటు; అది కాల్ మొదలుపెట్టడానికి మాత్రమే, మాటా చిత్రమూ వేరే యూడీపీ పోర్టుల మీద వస్తాయి. పరికరంలో ఆ పోర్టుల పరిధిని కుదించి, అదే పరిధిని ఫైర్‌వాల్‌లో తెరవాలి.

మాట రెండు వైపులా వస్తూ చిత్రం మాత్రం రాకపోతే, అవతలివారు మామూలు ఫోను మీద ఉన్నారేమో అడగండి. నవ్వు వచ్చే ప్రశ్నే, కానీ ఫిర్యాదులలో కొన్ని అక్కడే తీరిపోతాయి. అవతల నిజంగా ఐఎస్‌డీఎన్ (పీఆర్‌ఐ తరహా డిజిటల్ టెలిఫోను లైను) మీద నడిచే వీడియో పరికరమే ఉంటే, గేట్‌వే ఆ కాల్‌ను మాట కాల్‌గా ప్రకటించిందేమో చూడాలి; వీడియోకు 64 కిలోబిట్ల డేటా కాల్‌గా ప్రకటించాలి. 384 కిలోబిట్ల చిత్రానికి ఇలాంటి ఛానెళ్లు 6 కావాలి. కారణ సంఖ్య 57 గానీ 65 గానీ వస్తే లైను మీద డేటా కాల్ సదుపాయానికి అనుమతి లేదని, లేదా అది అసలు అమర్చలేదని అర్థం. ఆ పని టెలిఫోను సంస్థే చేయాలి.

సరిగ్గా ఒకే సమయానికి తెగుతోంది

గడియారం చూసినట్టు తెగే కాల్ వెనుక చెడిన తీగ ఉండదు, ఒక టైమర్ ఉంటుంది. 32 సెకన్లకు తెగితే, సిప్‌లో ఫోను ఎత్తినట్టు చెప్పే సందేశానికి తిరుగు రశీదు అందలేదని అర్థం; మళ్లీ మళ్లీ పంపి, 32 సెకన్లు గడిచాక పంపినవైపే కాల్‌ను తెంచుతుంది. చాలాసార్లు పైన చెప్పిన చిరునామా సమస్యే దీనికీ మూలం. 15 నిమిషాలకో, 30 నిమిషాలు దగ్గర పడగానేనో తెగితే సెషన్ టైమర్‌ను అనుమానించాలి: సాధారణ గడువు 1800 సెకన్లు, సగంలో తిరిగి పలకరించే సందేశం వెళుతుంది, దానిని ఫైర్‌వాల్ మింగేస్తే కాల్ నిలవదు.

పిన్ నొక్కినా సమావేశంలోకి రానివ్వడం లేదు

మీట శబ్దం మాటతో కలిసి జీ.729 అనే కుదింపు పద్ధతిలో నలిగిపోయినప్పుడు అవతలి యంత్రం దాన్ని గుర్తించలేదు. మీటలను ఆర్‌ఎఫ్‌సీ 2833 పద్ధతిలో విడిగా పంపేలా రెండు వైపులా అమర్చాలి.

వేరే ఊరి శాఖ వారికి మాత్రమే బయటి లైను దొరకడం లేదు

ఇది లోపం కాకపోవచ్చు. హైదరాబాదు శాఖ నుంచి ప్రైవేటు నెట్‌వర్కు మీద వచ్చిన కాల్‌ను విశాఖ పీఆర్‌ఐ మీదుగా స్థానిక కాల్‌గా బయటికి వదలడం ఎస్‌టీడీ ఛార్జీని తప్పించడం కిందికి వస్తుంది కనుక, గేట్‌వేను అమర్చినవారు ఆ దారిని తెలిసే మూసి ఉండవచ్చు. టెలిఫోను సంస్థ నుంచి రాతపూర్వకంగా జవాబు రాకుండా దాన్ని తెరవవద్దు.

గరగర శబ్దం, ఉండి ఉండి చిత్రం ఆగిపోవడం, లైను మొత్తం పడిపోవడం

పీఆర్‌ఐ లైనులో మాటకు 30 ఛానెళ్లు, మొత్తం వేగం 2.048 మెగాబిట్లు. గేట్‌వే తన గడియారాన్ని లైను నుంచి తీసుకోవాలి. సొంత గడియారం మీద నడిస్తే రెండు వేగాలూ కాస్త కాస్త జరిగి, అప్పుడప్పుడు ఒక ఫ్రేము (లైను మీద వచ్చే సమాచారపు చిన్న ముక్క) జారిపోతుంది. మాటలో అది చిన్న టిక్కుమనే శబ్దం, వీడియో కాల్‌లో చిత్రం గడ్డకట్టడం. గేట్‌వేలో స్లిప్ లెక్క (ఇలా జారిన ఫ్రేముల సంఖ్య) పెరుగుతోందో లేదో గంట వ్యవధిలో రెండుసార్లు చూస్తే తేలిపోతుంది.

సముద్రం పక్కన ఉన్న భవనాలలో దీనికి ముందే తీగ చూడాలి. బీచ్ రోడ్డు దగ్గరి ఒక భవనంలో క్రోన్ మాడ్యూలు (టెలిఫోను తీగలను కలిపే దిమ్మ) మూత తీస్తే, రాగి తీగ చీలికలో దిగిన చోట పచ్చని పొడి పేరుకుని ఉంది. గోటితో గీకితే రాలింది. తీగ చివర కత్తిరించి, కొత్త మాడ్యూలు చీలికలో నొక్కి దిగగొట్టాక ఆ లైను మళ్లీ పడిపోలేదు.

తీగ బాగున్నా గేట్‌వే మీది అలారం లైటు ఎర్రగానే ఉంటే, లోపం గేట్‌వేదో టెలిఫోను సంస్థదో తేల్చే పద్ధతి ఒకటి ఉంది. ఆర్‌జే-45 ప్లగ్గులో 1వ పిన్నును 4తో, 2వ పిన్నును 5తో కలిపి లూప్‌బ్యాక్ ప్లగ్గు చేసుకుని, లైను తీసి దాన్ని గేట్‌వే పోర్టులో పెట్టాలి. అలారం తొలగితే పోర్టు మంచిదే. సమయం, స్లిప్ లెక్క, కారణ సంఖ్యలు రాసుకున్న కాగితంతో టెలిఫోను సంస్థకు ఫిర్యాదు ఇవ్వవచ్చు. తొలగకపోతే వారిని పిలిపించి ప్రయోజనం లేదు, గేట్‌వే కార్డు మార్చాలి.